నలభై రెండు డిగ్రీల చలిలో సలోమి ఈత

చికాగోలో దిగాక

"ఇక్కడ ఇప్పుడు నలభై, నలభై రెండు డిగ్రీలుంటుందే" అని సలోమి ఫోన్‌లో చెప్పింది. రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని, నలభై రెండు డిగ్రీలు నాకు కొత్తేమిటి అనుకున్నాను. నాలుగు నూలు చీరలు, రెండు పల్చటి చుడీదార్లు సర్దుకుని బయల్దేరాను. చికాగో విమానాశ్రయంలో అద్దాల తలుపులు తెరుచుకోగానే ఒక గాలి వచ్చి ముఖం మీద చాచి కొట్టింది. నా నోట్లోంచి పొగ వస్తోంది. సలోమి తన కోటు విప్పి నాకు తొడిగి, కారు దాకా పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఫారెన్‌హీట్ డిగ్రీలే మొద్దూ. మన లెక్కలో అయిదో ఆరో."

అమెరికాలో కొలతలన్నీ వేరు. దూరం మైళ్ళలో, పెట్రోలు గ్యాలన్లలో, కూరగాయలు పౌండ్లలో. ఇక మీదట ఏ అంకె కనిపించినా మన లెక్కలోకి మార్చుకోకుండా నమ్మకూడదని ఆ కారులోనే ఒట్టు పెట్టుకున్నాను. రెండు వారాలూ ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటు గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు సలోమి ఎవరో చెప్పాలి. మా వయసు వాళ్ళలో యాభై మీటర్ల ఫ్రీస్టయిల్ అంటే రాష్ట్రమంతా సలోమి పేరే చెప్పేవారు. పూల్ అంచున ఉండే పలక మీంచి ఎగిరి దూకి, దారిలో ఒకే ఒక్కసారి ఊపిరి తీసుకుని అవతలి గోడ ముట్టుకునేది. నాలుగేళ్ళు వరసగా రాష్ట్ర చాంపియన్, ఒకసారి జాతీయ పోటీల్లో వెండి పతకం. ఆ నాలుగేళ్ళూ రెండో స్థానం ఎవరిదని అప్పుడూ ఎవరూ అడగలేదు, మీరూ అడగరు. నాది.

మా మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ గోడకి ఒక ఆకుపచ్చ చెక్క బోర్డు ఉంది. ఆ పూల్లో అందరికంటే వేగంగా ఈదినవాళ్ళ పేర్లు దాని మీద తెల్లరంగుతో రాస్తారు. ఆడవాళ్ళ యాభై మీటర్ల వరసలో నా పేరు పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజు పెయింటర్ అప్పారావు నిచ్చెన వేసుకుని వచ్చి, నా పేరు మీద ఆకుపచ్చ పూసి, "బి. సలోమి, 28.31" అని రాసేశాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఉంది. సలోమి ఎం.సి.ఏ. చేసి, పెళ్ళి చేసుకుని, ఇల్లినాయ్ రాష్ట్రంలో అరోరా అనే ఊళ్ళో స్థిరపడి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటోంది. నేను అదే పూల్లో కోచ్‌నయ్యాను. ఏటా క్రిస్మస్‌కి నేను శుభాకాంక్షలు పంపితే దాన్నుంచి ఒకటే జవాబు: "బోర్డు ఫోటో పెట్టు పద్దూ."

ఫిబ్రవరిలో నా దగ్గర నేర్చుకునే మౌనిక, పదహారేళ్ళ పిల్ల, 28.09 సెకన్లలో ఈదేసింది. గడియారం నా చేతిలోనే ఉంది.

గురువుగా గాల్లో తేలాల్సినదాన్ని. తేలాను కూడా, ఒక పూట. సాయంత్రానికి బోర్డు కేసి చూస్తే సలోమి పేరు కనిపించింది. "మేడమ్, నా పేరెప్పుడు రాయిస్తారు?" అని మౌనిక రోజూ అడుగుతుంది. అప్పారావుకి నడుం పట్టేసిందని చెప్పాను. మర్నాడే అతను పూల్ ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డుకి రంగు వేస్తూ ఆ పిల్లకి నమస్తే పెట్టాడు. సలోమితో ముందు నేనే చెప్పాలి, అదీ ఎదురుగా కూర్చుని చెప్పాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అది ఫోన్ చేసింది. ఏడాదిగా మళ్ళీ ఈదుతోందట, ఏప్రిల్లో పెద్దవాళ్ళ పోటీల్లో దిగుతోందట, చూడ్డానికి రమ్మంది. వీసా పోయినేడు మా అన్నయ్య దగ్గరికి వెళ్దామని తీసుకున్నది అలాగే ఉంది. వెళ్ళాను.

అరోరా

చెప్పడానికి వెళ్ళినదాన్ని ఎనిమిది రోజులు నోరు మెదపలేదు. మొదటి రోజు ప్రయాణ బడలిక అనుకున్నాను. రెండో రోజు అది నా కోసం చేపల పులుసు పెట్టింది. గోదావరి చేప కాదు, పేరు నోరు తిరగని ఏదో చేప, కానీ పులుసు మాత్రం అచ్చం వాళ్ళమ్మగారు పెట్టినట్టే ఉంది. పులుసన్నం తింటూ అలాంటి మాట ఎలా చెప్పను? మూడో రోజు ఆదివారం, చర్చి.

వాళ్ళ తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక బడిలో బాస్కెట్‌బాల్ ఆడే హాలు అద్దెకి తీసుకుంటారు. గోడకి బుట్ట వేలాడుతుంటే దాని కింద పాస్టరుగారు ప్రసంగం. ఆ తర్వాత ప్రార్థన మనవులు అడిగారు. ఒకాయనకి హెచ్-వన్ స్టాంపింగ్, ఇంకొకరికి లేఆఫ్, మరొకరికి గ్రీన్‌కార్డ్. మా ఊళ్ళో అయితే కాన్పులు, పరీక్షలు, అప్పులు ఉండేవి. చివర్లో సలోమి లేచి నించుంది.

"శనివారం నాకు స్విమ్మింగ్ మీట్ ఉందండి. ఫిఫ్టీ ఫ్రీస్టయిల్."

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకుని, "ప్రభువా, జలములను పాయలుగా చీల్చినవాడవు, మా సహోదరి భుజములకు బలము దయచేయుము" అన్నారు. హాలంతా ఆమెన్ అంది. నేను హిందువుని, అయినా గట్టిగానే అన్నాను.

భోజనాల దగ్గర అందరూ సలోమిని "జెస్సీ మమ్మీ" అని పిలుస్తున్నారు. జెస్సీ దాని కూతురు, పదహారేళ్ళు. ఆఫీసులో దాని పేరు శాలీ అట. వాళ్ళాయన సుధాకర్ మంచి మనిషి, తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే స్థలాల గురించే మాట్లాడతాడు.

"రాజమండ్రి బైపాస్‌లో మాది రెండొందల గజాలుందండి. వెళ్ళాక ఒకసారి సైట్ చూసి ఫోటో పెడతారా? ఫెన్సింగ్ పడిపోయిందంటున్నారు."

ఈ కుటుంబానికి నేను ఫోటోలు తీసే మనిషిని అయిపోయాననుకుంటూ సరేనన్నాను.

సాయంత్రాలు సలోమి నన్ను తను ప్రాక్టీస్ చేసే పూల్‌కి తీసుకెళ్ళేది. పైకప్పు, వేడి నీళ్ళు, క్లోరిన్ వాసన. బయట మంచు చినుకులు పడుతుంటే లోపల లోదుస్తుల్లాంటి బట్టల్లో జనం. బట్టలు మార్చుకునే గదిలో తలుపులు లేవు. డెబ్భై ఏళ్ళ అమ్మమ్మలు నూలుపోగైనా లేకుండా, ఏ సంకోచమూ పడకుండా నించుని మనవల గురించి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను తువ్వాలు పళ్ళతో పట్టుకుని గోడ వైపు తిరిగి అవస్థ పడుతుంటే ఒకావిడ వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఆ పూల్ మా దానిలో సగం, యాభైకి రానూపోనూ ఈదాలి; నేనూ ఈదాను. మలుపు దగ్గర వేళ్ళు గోడకి ఠక్కున కొట్టుకున్నాయి. రెండోసారి అరచేయి. గోడ నేను అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తోంది. నిద్ర సరిపోక తడబడుతున్నాననుకున్నాను. సలోమి గడియారం పట్టుకుంది. యాభైకి ముప్పై మూడు సెకన్లు. ఇంటి దగ్గర నాకిప్పుడు ముప్పై ఆరున్నర పడుతుంది. ఆ తేడా ఎక్కడిదని కోచ్‌గా నాకు అనుమానం రావాలి. రాలేదు. చల్లటి దేశం, శుభ్రమైన నీళ్ళు, మంచి చేపల పులుసు అని సరిపెట్టుకున్నాను. మనల్ని మెచ్చుకునే గడియారాన్ని ఎవరు తప్పు పడతారు?

మిసిసిపీ దాటుతూ

పోటీ పక్క రాష్ట్రం అయోవాలో, ఒక చిన్న కాలేజీ ఊళ్ళో. నూట తొంభై మైళ్ళు, అంటే మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. శుక్రవారం మధ్యాహ్నం సలోమి, జెస్సీ, నేను బయల్దేరాం. దారి పొడవునా మొక్కజొన్న కోసేసిన ఖాళీ పొలాలు. ఒక గేదె లేదు, మనిషి లేడు, టీ బడ్డీ లేదు. సలోమి కట్టిన పులిహోర పెట్రోలు బంకు దగ్గర కారు బానెట్ మీద పెట్టుకుని తింటుంటే, పక్కన పెట్రోలు పట్టించుకుంటున్న టోపీ పెద్దాయన ఆగి చూశాడు. జెస్సీ ఒక చెంచాడు ఇచ్చింది. తిని, మిరపకాయ తగిలి, కళ్ళు తుడుచుకుని, తన ట్రక్కులోంచి వేయించిన వేరుశనగ పొట్లం తెచ్చి మా చేతిలో పెట్టాడు. ఇచ్చింది తిని ఊరుకోకుండా బదులుగా ఏదైనా ఇవ్వడం మన దగ్గరే ఉందనుకునేదాన్ని.

"ఆంటీ, మిసిసిపీ వస్తుంది, చూడు" అంది జెస్సీ.

చూశాను. పెద్ద నదే. కానీ రాజమండ్రి వంతెన మీద రైల్లో ఎన్నోసార్లు గోదావరి దాటినదాన్ని.

"బాగుంది. మా గోదావరిలో ఒక పాయంత ఉంది" అన్నాను.

"ఏప్రిల్లో నీ గోదావరిలో ఇసకే కదే ఉండేది" అంది సలోమి.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. సలోమీ, నీతో ఒక మాట, అని మొదలుపెట్టాను కూడా. అది అద్దంలోంచి నా వైపు చూసి, తనే అందుకుంది.

"నేను ఎందుకు మళ్ళీ దిగుతున్నానో తెలుసా? పోయినేడు ఆఫీసులో అందరూ మీ గురించి ఒక ఇంట్రెస్టింగ్ విషయం చెప్పండి అన్నారు. నేను స్విమ్మర్‌ని అన్నాను. వాళ్ళు, ఓ నైస్, నా కుక్క కూడా బాగా స్విమ్ చేస్తుంది అన్నారు. ఇక్కడెవరికీ తెలీదు పద్దూ. ఆ బోర్డు మీద ఒక్కచోటే నేను పూర్తిగా ఉన్నాను."

నేను వేరుశనగలు తింటూ కూర్చున్నాను.

పోటీ

పెద్దవాళ్ళ పోటీలంటే పది మంది ముసలివాళ్ళు సరదాగా తేలుతుంటారనుకున్నాను. రెండొందల మంది ఉన్నారు. ఇరవై అయిదేళ్ళ కండల వీరుల పక్కన చేతికర్రతో వచ్చినవాళ్ళు. బట్టలు మార్చుకునే గదిలో ఎనభై ఒక్కేళ్ళ డోరిస్ అనే ఆవిడ నన్ను ఆపి, తన ఈత దుస్తు పైకి లాగమంది. పోటీల దుస్తు కదా, రెండు సైజులు చిన్నది. ఆవిడ బెంచీ పట్టుకుని నించుంటే నేను గోనెసంచీ మూతి బిగించినట్టు అటూ ఇటూ లాగాను. అక్కడ ఇది మామూలట, ఎవరు దగ్గరుంటే వాళ్ళని పిలుస్తారు. పదినిమిషాలు కుస్తీ పట్టాక ఇద్దరం స్నేహితులమైపోయాం. మరి అంతసేపు ఒక మనిషిని లాగాక నాకు గోడ వైపు తిరగాల్సిన అవసరం కనిపించలేదు.

ఎవరెవరు ఏ వరసలో ఈదుతారో అచ్చువేసిన కాగితం తలుపు దగ్గర అంటించారు. సలోమి పేరు దగ్గర "50 వై ఫ్రీ" అని ఉంది. వై అంటే ఏమిటా అని ఒక్క క్షణం ఆలోచించాను. యూత్ అయ్యుంటుంది. నలభై ఆరేళ్ళవాళ్ళని యూత్ అనడం మన రాజకీయ పార్టీల్లో మామూలే కదా అనుకుని ముందుకు వెళ్ళిపోయాను.

సలోమి నాలుగో లేన్‌లో పలక ఎక్కింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత దాన్ని ఆ పలక మీద చూశాను. ఒళ్ళు చేసింది, జుట్టుకి రంగేసింది, కానీ వంగి రెండు చేతులూ పలక అంచు పట్టుకున్న తీరు అదే. నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి, పక్క లేన్‌లో నేనున్నట్టు. కూత వినపడింది. దూకింది. వెళ్ళేటప్పుడు ఊపిరి లేదు. మలుపు తిరిగాక ఒక్కసారి, ఎడమ వైపు, అదీ సగం నోరే. గోడ ముట్టుకుంది. బోర్డు మీద వెలిగింది: 27.84.

చదివాను. మళ్ళీ చదివాను. 28.31 కాదు. 28.09 కాదు. నలభై ఆరేళ్ళ వయసులో నా సలోమి 27.84 కొట్టింది. పరుగెత్తాను. తడి నేల, కాపలా అబ్బాయి ఈల వేసి నడవమన్నాడు, నడవలేదు. నాలుగో లేన్ దగ్గర మోకాళ్ళ మీద కూలబడి దాని తడి తల పట్టుకున్నాను. ఏడుపొచ్చేసింది.

"నీ రికార్డు నీకు వచ్చేసిందే. ఎంత చచ్చానో తెలుసా? మౌనిక ఇరవై ఎనిమిది సున్నా తొమ్మిది కొట్టినప్పట్నించీ నాకు నిద్ర లేదు. బోర్డు మీద పేరు మార్చకుండా రెండు నెలలుగా ఆపుతున్నాను. ఇక మార్చక్కర్లేదు. నీదే."

సలోమి కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసింది.

"మౌనికెవరు?"

"నా దగ్గర నేర్చుకునే పిల్ల. అదొదిలెయ్. నువ్వు దాన్ని దాటేశావు."

నా వెనకనుంచి జెస్సీ మెల్లగా అంది, "ఆంటీ, ఇది యార్డ్స్ కదా. మీటర్స్ కాదు."

యార్డ్ అంటే నాకు తెలిసింది మార్కెట్ యార్డు, మిర్చి యార్డు. అర్థం కాక సలోమి వైపు చూశాను. అది గోడ పట్టుకుని అలాగే నీళ్ళలో ఉంది.

"గజాలే పద్దూ" అంది. "ఇక్కడ పూల్స్ గజాల్లో కడతారు. రానూపోనూ కలిపి యాభై గజాలు. మీటర్లలో నలభై ఆరు కూడా లేదు. మీటర్లలో అయితే నాకు ముప్పై ఒకటి పడుతుంది."

ఫారెన్‌హీట్ మార్చాను, మైళ్ళు మార్చాను, పౌండ్లు మార్చాను. సుధాకర్ రెండొందల గజాలు నా చెవిలో ఇల్లు కట్టుకుని ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా కోచ్‌ని, నా వేళ్ళు గోడకి కొట్టుకున్నా, నీళ్ళని మాత్రం మార్చుకోలేదు. చెప్పాల్సిన మాట చెప్పకూడని చోట, చెప్పకూడని విధంగా, అరిచి మరీ చెప్పేశాను. ఇంతకంటే సిగ్గుపడ్డ రోజు నా జీవితంలో లేదు.

తిరుగు ప్రయాణం

దాని వయసు వాళ్ళలో సలోమిదే మొదటి స్థానం. రంగు రిబ్బను ఇచ్చారు. డోరిస్ కూడా ఒక రిబ్బను గెలుచుకుని వచ్చి మా ఇద్దరినీ వాటేసుకుంది. సాయంత్రం ఆ ఊళ్ళో పేరున్న హోటల్లో తిన్నాం. పంది మాంసాన్ని పల్చగా సాగగొట్టి వేయించి రొట్టెలో పెడతారు. రొట్టె అరచేయంత, మాంసం పళ్ళెమంత. నేను బంగాళాదుంపలు తిన్నాను. పదమూడు డాలర్లని సలోమి అంటే, వెయ్యి రూపాయలు దాటిందని నా నోటిదాకా వచ్చింది. ఆ రోజు ఇంకే లెక్కా చెప్పే మొహం నాకు లేదు.

కారులో గంటసేపు ప్రయాణం చేశాం. జెస్సీ చెవుల్లో పాటలు పెట్టుకుంది. నది దగ్గర కాసేపు ఆగే చోటు ఒకటుంది. సలోమి కారు ఆపి దిగి, కట్టె బెంచీ మీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు.

"కోపంగా ఉంది" అంది. "రికార్డు పోయినందుక్కాదు. ఎనిమిది రోజులు నా ఇంట్లో నా చేతి పులుసు తింటూ చెప్పకుండా ఉన్నావు చూడు, అందుకు."

"తప్పే."

నది వైపు తిరిగింది.

"పోయినందుకూ ఉంది" అంది. నేను దాని చేయి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

కాసేపటికి గడియారం చూసుకుంది. "ఏడున్నర. అక్కడ ఉదయం ఆరు. పూల్ తెరిచేసుంటారు కదా? ఆ పిల్లకి ఫోన్ చెయ్."

మౌనిక వాళ్ళమ్మ రోజూ గట్టు మీద కూర్చుంటుంది. ఆవిడ ఫోన్‌కి చేస్తే తెరమీద తడి జుట్టుతో మౌనిక వచ్చింది. నా పక్కనున్న మొహాన్ని చూసి ఎవరో దానికి తెలియలేదు.

"నేను సలోమినమ్మా. బోర్డు మీద సలోమి."

ఆ పిల్ల నీళ్ళలోంచి లేచి నిటారుగా నించుంది. "నమస్తే మేడమ్."

సలోమి ఏం అడుగుతుందో నాకు తెలియదు.

"ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నావు?"

"తీసుకోలేదు మేడమ్."

"ఒక్కసారి కూడా?"

"లేదు మేడమ్. మధ్యలో తీసుకోవాలనిపించింది. మీరు ఒక్కసారే తీసుకునేవారని మా మేడమ్ చెప్పారు. అందుకని ఆపేశాను."

సలోమి నా వైపు తిరిగింది. ఎనిమిది రోజుల్లో నేను దాని మొహంలో అలాంటి నవ్వు చూడలేదు. చూసింది ఇరవై ఆరేళ్ళ కిందట, పలక మీద. "ఇంకా తగ్గుతుంది. తలకాయ కిందకి పెట్టు" అని మౌనికకి చెప్పింది. ఆ తర్వాత పావుగంటసేపు వాళ్ళిద్దరూ డైవ్ గురించి మాట్లాడుకున్నారు. నేను చలికి వణుకుతూ ఫోన్ పట్టుకుని నించున్నాను. చాంపియన్లిద్దరి మధ్యా మళ్ళీ నాది రెండో స్థానమే, కాదు, మూడో స్థానం.

ఫోన్ పెట్టేశాక సలోమి లేచి కారు వైపు నడుస్తూ అంది, "అప్పారావుతో చెప్పు. పాత రంగు గీకొద్దని. పైనే పూసి రాయమను."

"ఎందుకు?"

"అప్పుడు నీ పేరు మీద కూడా పైనే పూశాడు కదే. నువ్వూ నేనూ కిందే ఉంటాం."

రాజమండ్రి, మళ్ళీ

నేను వచ్చిన మర్నాడు అప్పారావు నిచ్చెన వేశాడు. గీకకపోతే వర్షాలకి పెచ్చులూడుతుంది మేడమ్ అని గొణిగాడు. ఊడితే ఊడనీ అన్నాను. పూసిన ఆకుపచ్చ రంగు ఎండకి ఆరాక చేత్తో తడిమి చూశాను. సలోమి అక్షరాలు లోపల ఉబ్బెత్తుగా తగిలాయి. దాని కింద నావి తగిలాయో, తగిలినట్టు అనిపించిందో చెప్పలేను. మౌనిక వాళ్ళమ్మ కొబ్బరికాయ కొట్టింది. సలోమికి ఫోటో పెట్టాను, పనిలో పనిగా సుధాకర్‌కి కూడా సైట్ ఫోటో పెట్టాను. ఫెన్సింగ్ నిజంగానే పడిపోయింది, గజాలు మాత్రం రెండొందలూ భద్రంగా ఉన్నాయి.

అప్పారావు ఎప్పుడూ "50 మీ." అని రాసేవాడు. ఈసారి చోటు చాలదని ఎంత మొత్తుకున్నా వినకుండా "50 మీటర్లు" అని పూర్తిగా రాయించాను. డిసెంబరులో సలోమి జెస్సీని తీసుకుని వస్తోంది. ఆ నీళ్ళలో ఇద్దరం మళ్ళీ ఈదుతామట, పక్కపక్క లేన్‌లలో.